దొరగారి సూదిమందు

జూన్ 6

ఒరే తమ్ముడూ,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను, ఓపిక మిగిలితే. ముందు నీ కుందేళ్ళు దొర, గయ్యాళి సంగతి.

నిన్న ఎండుగడ్డి కోసం వెళితే కొట్టు తలుపుకి కాగితం అంటించి ఉంది. కుందేళ్ళకి జబ్బులు తిరుగుతున్నాయి, టీకాలు వేయించండి అని. కొట్టాయన్ని అడిగితే, "నాకేం తెలుసమ్మా, అంటించమన్నారు, అంటించాను" అన్నాడు. సాయంత్రం దుకాణం నుంచి వస్తూ జంతువుల ఆసుపత్రిలోకి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చూడడానికి చిన్నపిల్ల, మాట మాత్రం గట్టిది. రెండు జబ్బులట. ఒకటి దోమలూ పురుగులూ కుట్టడం వల్ల వస్తుంది, కళ్ళూ మొహం వాచిపోయి నెమ్మదిగా ప్రాణం తీస్తుంది. రెండోది ఏ గుర్తూ లేకుండా వచ్చి ఒకటి రెండు రోజుల్లో తీసుకుపోతుంది. "మావి గడప దాటవు కదండీ" అన్నాను. "మీరు దాటుతారు కదా" అంది. చెప్పులకంటిన మట్టిలోనూ వస్తుందట, గడ్డిలోనూ వస్తుందట.

టీకా వేస్తే ఏమవుతుందని కూడా అడిగాను. రెండు రోజులు మందకొడిగా ఉండొచ్చు, సూది పడినచోట చిన్న గడ్డ కట్టొచ్చు, ఎప్పుడో ఏ ఒక్కదానికో పడకపోవచ్చు అంది. గయ్యాళికి భయం లేదుగానీ దొరకి ఏడేళ్ళు నిండాయి కాబట్టి ముందు బాగా పరీక్ష చెయ్యాలంది. ఆ "ఏ ఒక్కదానికో" దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ఆవిడ ఒక కాగితం ముందుకు జరిపి సంతకం పెట్టమంది. కాగితం మీద సంతకం అనగానే నాన్న ఆపరేషను రోజు కళ్ళముందుకొచ్చింది. రేపొస్తానని చెప్పి వచ్చేశాను. ఆ రేపు ఇవాళే. వెళ్ళలేదు.

వాతావరణ కేంద్రంలో ఏడాదే కదా అక్కా అని వాటిని నా ఒళ్ళో పెట్టి కొండెక్కావు. నీ జంతువులు, నీ మాట కావాలి. వేయించనా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పు.

నేను బాగానే ఉన్నాను. దుకాణంలో పని ఎప్పటిలాగే, అద్దాలు అరగదీయడం, ఫ్రేముల్లో బిగించడం, ఎవరి మొహానికి ఏ కళ్ళజోడు నప్పుతుందో వాళ్ళ బదులు నేను తేల్చడం. కడుపులో మంట అప్పుడప్పుడూ వస్తోంది. వయసుతో వచ్చేవన్నీ వస్తాయి.

గయ్యాళి నా కొత్త చెప్పు పట్టీ కొరికేసింది. ఆ సంగతి నీ ఖాతాలో రాసుకో.

అక్క

జూన్ 19

అక్కా,

నీ ఉత్తరం బంగాళదుంపల బస్తా పక్కన కూర్చుని వచ్చింది. లారీ వస్తే ఇక్కడ పండగే. వంటమనిషి దుంపలు కుళ్ళాయేమో చూసుకుంటాడు, నేను నీ దస్తూరీ చూసుకుంటాను. ఫోను ఈ కొండమీద పలకదు, వైర్‌లెస్సులో వాన లెక్కలు తప్ప ఇంకో మాట మాట్లాడనివ్వరు. కాబట్టి నాకు ఈ లారీయే దిక్కు.

కొన్నాళ్ళుగా ఒకటే మంచు. కిటికీ తీస్తే చుట్టంలా లోపలికి వచ్చి కూర్చుంటోంది. పొద్దున్నే లేచి వాన కొలిచే డబ్బా చూసి రాస్తాను, గాలి ఎటు తిరిగిందో రాస్తాను, వేడి ఎంతో రాస్తాను. వంటమనిషి రోజూ బట్టల బకెట్టు పట్టుకుని వచ్చి, "ఆరేయమంటారా సార్, వానొస్తుందా?" అని అడుగుతాడు. పడిన వాన రాయడం నా పని, పడబోయే వాన సంగతి కింద ఆఫీసువాళ్ళు చెబుతారు అంటాను. "కొండ మీద కూర్చుని ఆ మాత్రం చెప్పలేకపోతే ఎలా సార్" అని గొణుక్కుంటూ లోపల తాడు మీద ఆరేసుకుంటాడు. పాపం, అతని బట్టలకి ఎప్పుడూ పొగవాసనే.

దొర నా కాలి మీద గడ్డం ఆనించి నిద్రపోయేవాడు, నీ దగ్గర కూడా అలాగే పడుకుంటున్నాడా? గయ్యాళికి కోపం వస్తే వెనక కాలితో నేలని దబ్బున కొడుతుంది, భయపడకు. కొత్తిమీర కాడలతో సహా పెట్టు. దొరకి మాత్రం కాడలు చిన్నగా తుంచాలి, వాడి పళ్ళు మొదటినుంచీ వంకరే.

ఇక టీకా సంగతి. చాలా ఆలోచించాను. వేయించడమే మంచిదనిపిస్తుంది. మళ్ళీ దొర వయసు తలుచుకుంటే భయమేస్తుంది. పోనీ వద్దనుకుంటే ఆ జబ్బు భయం. రెండువైపులా న్యాయం ఉంది. నేను ఇంత దూరంలో కూర్చుని ఏం చెప్పినా అది గాలిమాటే అవుతుంది. కళ్ళతో చూసేదానివి నువ్వు. నీకు తెలియనిదేముంది? నీ ఇష్టం అక్కా. నువ్వేం చేసినా నాకు సరే.

కడుపులో మంటకి కారం తగ్గించు.

తమ్ముడు

జూలై 1

రెండువైపులా న్యాయం చూసే తమ్ముడుగారికి,

ఒక్క ముక్క అడిగితే మంచు, వంటమనిషి, పొగవాసన అన్నీ రాసి, ఆ ముక్క మాత్రం మళ్ళీ నా చేతిలోనే పెట్టావు. లోకంలో అందరూ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. నువ్వు పట్టిన కుందేలుకి ఎన్ని కాళ్ళో నన్ను చెప్పమంటావు.

దుకాణంలో రోజంతా ఇదే గోల. మొన్నామధ్య ఒకావిడ ముక్కు మీద రెండు ఫ్రేములు మార్చి మార్చి పెట్టుకుని, "మీరే చెప్పండి, మీరేది అంటే అది" అంది. నలుపుది బాగుందన్నాను. డబ్బు కట్టి వెళ్ళి గంటలో తిరిగొచ్చి, మా ఆయన గోధుమరంగుది బాగుండేదన్నాడు అని నామీద మొహం ముడుచుకుంది. ఇంటికొస్తే నీ ఉత్తరం.

పైగా నీ ఉత్తరం వచ్చిన వారమే దొర మేత మానేశాడు. చొంగ కారుతోంది. ఒంట్లో బాగాలేనప్పుడు టీకా వేయరని డాక్టరమ్మ ముందే చెప్పింది. అందుకని గయ్యాళిని ఒక్కదాన్నే మూత ఉన్న బుట్టలో పెట్టుకుని వెళ్ళాను. నువ్వూ చెప్పలేదు, నాకూ ధైర్యం లేదు. ఇద్దరి మాటా నిలబెట్టి సగం టీకా వేయించాను. పామూ చావలేదు, కర్రా విరగలేదు.

డాక్టరమ్మ బుట్ట తెరిచి చూసి, "రెండోది ఏదండీ?" అంది. ఇంట్లో ఉందన్నాను. "జంటని విడదీసి తెచ్చారేంటమ్మా? ఇది ఆసుపత్రి వాసనతో తిరిగొస్తే వాడు గుర్తుపట్టడు" అంది. కుందేళ్ళు మరీ అంత వెర్రివా అనుకున్నాను. ఇంటికొచ్చి గయ్యాళిని కింద వదిలానో లేదో, నీ దొర, నా కాలి మీద నిద్రపోయే మహానుభావుడు, లేచి దాని మెడ పట్టుకున్నాడు. గదంతా బొచ్చే. దుప్పటి విసిరి విడదీశాను. ఇప్పుడు ఇస్త్రీబల్ల పక్కకి పడేసి గదికి అడ్డంగా పెట్టాను. అటు ఒకరు, ఇటు ఒకరు. ఇద్దరూ బల్లకి చెరోవైపు వీపు ఆనించి కూర్చుంటారు. మొగుడూ పెళ్ళాల కోర్టు కేసులా ఉంది ఇల్లు.

మర్నాడు దొరనీ తీసుకెళ్ళి చూపిస్తే, పన్ను పెరిగి బుగ్గకి గుచ్చుకుంటోందట. పన్ను అరగదీసి పంపారు. నేను అద్దాలు అరగదీసినట్టే అనుకో. మేత ఆకుల వరకూ వచ్చాడు, గడ్డి ఇంకా ముట్టడం లేదు.

ఆ బల్ల లాగుతున్నప్పుడు కుడి డొక్కలో పట్టేసి కాసేపు నేలమీదే కూర్చున్నాను. డాక్టరుకి చూపిస్తే మంట కాదట. పిత్తాశయంలో రాళ్ళట. బిళ్ళలిచ్చారు. కారం తగ్గిస్తే రాళ్ళు కరగవు నాయనా.

అలిసిపోయాను. ఇంతకంటే రాయలేను.

అక్క

జూలై 2

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా నీ మొదటి ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. మొదటిసారి గమనించలేదు. "నా ఒళ్ళో పెట్టి కొండెక్కావు" అన్నావు. చెప్పు పట్టీ కూడా రాశావు. నీకు వాటితో విసుగొచ్చిందని, నోరు తెరిచి చెప్పలేక టీకా పేరు పెట్టి అడిగావని ఇప్పుడు అర్థమైంది. నేను ఒట్టి మొద్దుని.

గాలి వేగం కొలిచే పంకా బాగుచేయడానికి కింది నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. మంచివాడు. ఇంటి వెనక పెద్ద జాగా ఉందట, పిల్లలు కుందేళ్ళు కావాలని ప్రాణం తీస్తున్నారట. మన ఊళ్ళోనే, వంతెన అవతల ఉంటాడు. దొరనీ గయ్యాళినీ అతనికి ఇచ్చేస్తానని మాటిచ్చాను. ఆదివారం వస్తాడు. చూశావా, ఈసారి నీమీద వెయ్యకుండా నేనే తేల్చేశాను. నీకు ఇబ్బంది తప్పుతుంది.

వాటిని చివరిసారి చూసుకోలేకపోయానని నాకు బాధగానే ఉంది. అది వేరే సంగతి. గాలి పడమటి నుంచి వీస్తోంది. వంటమనిషి నీకు దండాలు చెప్పమన్నాడు.

తమ్ముడు

జూలై 16

తమ్ముడూ,

మీ మెకానిక్ వచ్చాడు. అట్టపెట్టె తెచ్చుకున్నాడు, దానికి గాలి ఆడడానికి చిల్లులు కూడా పెట్టుకొచ్చాడు పాపం. నాకు నీ ఉత్తరం అప్పటికింకా అందలేదు. గుమ్మంలో ఒక కొత్త మనిషి నిలబడి, "కుందేళ్ళు ఇచ్చేస్తున్నారట కదండీ" అంటే నాకెలా ఉంటుందో ఆలోచించు.

చెప్పులు బయట విప్పమన్నాను. లోపలికొచ్చి కూర్చున్నాడు. "టీకాలు వేయించారాండీ?" అని అడిగాడు. "సగం" అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఆ సమయానికి దొర బల్ల చివరనుంచి సందు చేసుకుని బయటికొచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. పాదం కదపలేకపోయాను. మెకానిక్ వాడి వంకా నా వంకా చూసి, "తీసుకెళ్ళమంటారా వద్దాండీ? మీ ఇష్టం" అన్నాడు. నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను, పరాయి మగవాడి ముందు. అతను కంగారుపడి నీళ్ళు తెచ్చిచ్చాడు, నా ఇంట్లో నాకే. టీ తాగి ఖాళీ పెట్టెతో వెళ్ళాడు. మంచివాడే. నువ్వు చెప్పినది అదొక్కటే నిజం.

విసుగొచ్చిందని ఎవరన్నారురా నీతో? నాన్న పోయాక ఈ ఇంట్లో నా అడుగుల చప్పుడు విని లేచి ఎదురొచ్చే ప్రాణులు ఆ రెండే. నేను వేయించనా వద్దా అని అడిగితే దాని అర్థం వేయించనా వద్దా అనే.

ఇంకో సంగతి. పక్కింటి మాస్టారు, అదే, నాతో రోజూ గడ్డి పంచుకునే ఆయన, తన గోధుమరంగు కుందేలు పొద్దున లేచేసరికి చచ్చిపడి ఉందని వచ్చి చెప్పారు. ముందురోజు సాయంత్రం ఆయన చేతిలో ఆకు తింది. "ఇంట్లో ఉండేదానికి జబ్బెక్కడిది అనుకున్నానమ్మా" అని మూడుసార్లు అన్నారు. ఆయనా నేనూ ఒకే మోపు గడ్డి వాడుతున్నాం. మిగిలిన గడ్డి తీసుకెళ్ళి దూరంగా కాల్చేశాను. చేతులు కడుక్కుంటూనే ఉన్నాను.

డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. దొర ఇప్పుడు గడ్డి తింటున్నాడు కాబట్టి వేయొచ్చంది. కానీ చిక్కిపోయాడు, ఇంకొంచెం పుంజుకున్నాక వేస్తే మేలు, అలాగని వీధిలోకి జబ్బొచ్చాక ఆగమని తాను చెప్పలేనంది. ఈ మందు ఒంట్లో పనిచేయడానికి కూడా కొన్నాళ్ళు పడుతుందట. కాగితం మళ్ళీ జరిపింది. కలం తీశాను. చెయ్యి రాలేదు.

నీకు సూటిగా చెబుతాను, చెప్పకపోతే నీకెప్పటికీ తెలియదు. నాన్నకి ఆపరేషను చేస్తే బతకొచ్చు, లేకపోతే కొన్నాళ్ళే అన్నారు. నీకు ఫోను చేశాను. నీ ఇష్టం అక్కా అన్నావు. నాన్ననే అడిగాను. నీ ఇష్టం తల్లీ అన్నాడు. సంతకం పెట్టాను. ఆపరేషను బల్ల మీదే పోయాడు. ఒక్కరంటే ఒక్కరు నన్నేమీ అనలేదు. అన్నా బాగుండేది, పోట్లాడేదాన్ని. నీ ఇష్టం అంటే గౌరవమనుకుంటారు మీరంతా. నాకు మాత్రం అది బరువు. మోసీ మోసీ భుజాలు కాయలు కాశాయి.

నాకూ ఆపరేషనే అంటున్నారు, రాళ్ళకి. తొందరేం లేదులే. ఇంటివాళ్ళెవరైనా సంతకం పెట్టాలట. ఆ ఇంటివాళ్ళు ఎవరో చూడాలి.

అక్క

జూలై 24

అక్కా,

దారి మీద కొండచరియ విరిగిపడింది. నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. లారీ అవతలే ఆగిపోతే, వంటమనిషి వెళ్ళి సంచీ మోసుకొచ్చాడు. ఈ ఉత్తరం కూడా అతనే మోసుకెళతాడు, బురదలో.

దొరకి వేయించు. ఆగొద్దు. ఇది నా మాట, నీ ఇష్టం కాదు. కాగితం మీద నీ సంతకమున్నా దాని వెనక ఉన్నది నేను. వాడికి ఏమన్నా అయితే నేను వేయించమంటే అయింది. ఎవరడిగినా అదే చెప్పు. నిన్ను నువ్వు అడుక్కున్నా అదే చెప్పు.

రాబోయేది చెప్పడం నా పని కాదని వంటమనిషితో అంటూ వచ్చాను. ఇవాళ పొద్దున బకెట్టుతో వచ్చాడు. మబ్బు చూశాను. "ఆరెయ్యి, వాన రాదు" అన్నాను. మధ్యాహ్నం కుంభవృష్టి. అతని బట్టలన్నీ తడిశాయి. వాటిని పిండుకుంటూ, "చెప్పారు కదా సార్, అది చాలు" అన్నాడు. రోజంతా అదే ఆలోచిస్తున్నాను.

ఇంక రాయను. అతను చెప్పులు వేసుకుని నిలబడ్డాడు.

తమ్ముడు

ఆగస్టు 5

ఒరే పిచ్చి తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికే పని అయిపోయింది. మాస్టారు ఖాళీ బోను బయట పెట్టి కడుగుతుంటే చూశాను. చూసి, లోపలికొచ్చి, దొరనీ గయ్యాళినీ ఒకే బుట్టలో కుక్కి మూత వేశాను. పోట్లాడుకుంటే పోట్లాడుకోనీ అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. బస్సు కుదుపులకి లోపల చప్పుడు లేదు. చచ్చిపోయాయేమో అని మూత ఎత్తితే, రెండూ ఒకదానిలో ఒకటి దూరి, భయంతో చెవులు వీపుకి అంటించుకుని కూర్చున్నాయి. అన్నాళ్ళ కోర్టు కేసు బస్సులో రాజీ అయిపోయింది.

డాక్టరమ్మ కాగితం తోసింది. సంతకం పెట్టాను. అక్షరం వంకరపోయింది, అంతే. దొరగారు సూది పడగానే నావైపు ఒక చూపు చూశారు, ఆ చూపు నీకు తెలుసు. మర్నాడంతా మూలన ముడుచుకుని పడుకున్నాడు. దుకాణానికి వెళ్ళలేదు నేను. వాడి ముందు నేలమీద కూర్చుని నీ పాత చొక్కాలకి గుండీలు కుట్టాను. సాయంత్రానికి లేచి, కొత్తిమీర కాడ, తుంచనిది, మొత్తం నమిలాడు. ఆ నమిలే చప్పుడు వింటూ అక్కడే పడి నిద్రపోయాను. గయ్యాళి నా జడ కొరికి లేపింది.

ఇన్ని రోజులైంది, రెండూ బాగున్నాయి. ఇస్త్రీబల్ల తీసేశాను. బట్టలు ఇస్త్రీ చేసుకోవచ్చు ఇక.

అయిపోయాక వచ్చిన ఉత్తరం కదా, పనికిరాదనుకోకు. రోజూ దుకాణానికి వెళ్ళేముందు ఒకసారి చదువుకుంటున్నాను. నిన్న ఒకాయన, మీరే చెప్పండి అంటే, "మీ మొహం మీది, అద్దం అక్కడుంది" అన్నాను. యజమాని అదోలా చూశాడు.

నా సంగతి. చేయించుకుంటానని డాక్టరుకి చెప్పేశాను. నా ఒంటి సంగతి నేనే తేల్చుకున్నాను, దానికి ఎవరి మాటా అక్కర్లేదు. ఈ నెలాఖరుకి రోజు పెట్టారు. కానీ నా సంతకం కింద ఇంకో గీత ఉంది. ఇంటివాళ్ళది. మాస్టారు పెడతానన్నారు. ఆయన మొహం చూస్తే, ఆయనకి ఇంకో బరువెందుకనిపించింది. రమ్మని అడగడం లేదు. దారి మూసి ఉందిగా.

అక్క

ఆగస్టు 14

అక్కా,

దారి ఇంకా మూసే ఉంది. చరియ దాకా నడిచి, దాటి, అవతల లారీ ఎక్కుతాను. వంటమనిషి అక్కడిదాకా తోడొస్తానన్నాడు. నా బదులు వాన కొలవడం అతనికి నేర్పాను. డబ్బాలో నీళ్ళు చూసి రాయడమే కదా, పైగా రేపు ఏం పడుతుందో కూడా రాస్తానంటున్నాడు. వద్దంటే వినడు.

ఆ గీత మీద నా సంతకమే ఉండాలి. మాస్టార్ని కుందేళ్ళ దగ్గర ఉండమను, ఆయన చెప్పులు మాత్రం బయట విప్పించు. నాకు భయంగా ఉంది, దాచను. భయపడుతూనే పెడతాను.

వస్తున్నాను. దొరకి చెప్పు.

తమ్ముడు

ఆగస్టు 28, వంటింటి బల్ల మీద

తమ్ముడూ,

నువ్వు స్నానాల గదిలో, నిన్నటినుంచీ వదలని కొండ బురద కడుక్కుంటున్నావు. తలుపు బయటినుంచి అరిస్తే వినపడదు, అందుకని రాసిపెడుతున్నాను. ఆటో వచ్చేసరికి మళ్ళీ హడావిడి.

నిన్న ఆసుపత్రిలో నీ సంతకం చూశాను. నాదానికంటే వంకరగా ఉంది. చూసి కడుపు నిండిపోయింది, రాళ్ళతో సహా.

నేను తిరిగొచ్చేదాకా రెండూ నీవే. కొత్త గడ్డి మాస్టారింటి వైపునుంచి కాక, వెనక గుమ్మంలోంచి తీసుకురా. గయ్యాళికి చెప్పులు అందకుండా పైన పెట్టు. దొర కుడి బుగ్గ రోజూ తడిమి చూడు, గట్టిగా తగిలితే డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరినీ కలిపి తీసుకెళ్ళు. ఒక్కడినే తీసుకెళ్ళావంటే ఆ ఇస్త్రీబల్ల నీతోనే మోయిస్తాను.

కొత్తిమీర ముందా, గడ్డి ముందా, కాడలు తుంచాలా వద్దా అని నన్ను అడగడానికి ఆసుపత్రికి పరిగెత్తుకురాకు. నేను మత్తులో ఉంటాను. హాయిగా పడుకుని ఉంటాను.

మిగతాదంతా నీ ఇష్టం.

అక్క